కుట్ల లెక్క సరే, లోతు ఎంత?

సంపాదకులకు నమస్కారం.

సిజేరియన్లు మితిమీరుతున్నాయని, సహజ ప్రసవాలు పెరగాలని పత్రికల్లో తరచు చదువుతున్నాను. ఆ మాట నాకూ సమ్మతమే. అయితే సహజ ప్రసవంలో తల్లికి తగిలే గాయం గురించి ఎవరూ నోరు విప్పడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా ప్రసవ గదిలో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

కాన్పయ్యాక చూడవచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని కుట్లు పడ్డాయి?" అని. ఆ అంకెతో తెలిసేది చాలా తక్కువ. చీలిక ఎంత లోతుకు దిగిందో తెలియాలి. యోనికి, మలద్వారానికి నడుమ ఉండే భాగాన్ని పెరినియం అంటారు. పైచర్మం వరకే చిరిగితే మొదటి డిగ్రీ, కింది కండరం కూడా చిరిగితే రెండోది. తొలి కాన్పులో ఇవి మామూలే, చాలావరకు చక్కగా మానిపోతాయి. మలద్వారం చుట్టూ ఉండి విసర్జనను అదుపులో ఉంచే కండర వలయం తెగితే మూడో డిగ్రీ. అక్కడా ఆగక పేగు లోపలి పొర దాకా చిరిగితే నాలుగోది. నా బెంగంతా ఈ చివరి రెండింటి గురించే.

బిడ్డకు టీకా వేయించడానికి వచ్చిన ఒక అమ్మాయి ఇప్పటికీ నా కళ్లముందు మెదులుతుంది. బల్ల ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది. కూర్చోమంటే తల అడ్డంగా ఊపింది. బిడ్డ గుడ్డల సంచి అడుగున తనకోసం మరో జత బట్టలు మడిచి పెట్టుకుంది. పక్కకు తీసుకెళ్లి అడిగితే తల ఎత్తకుండానే చెప్పింది. గాలి ఆపుకోలేకపోతోందట, మరుగుదొడ్డికి చేరేలోపే బట్టలు పాడవుతున్నాయట. అప్పటికి కాన్పయి నాలుగు నెలలు. "పిల్లల్ని కన్నాక అందరికీ ఇంతే కదా సిస్టర్?" అంది. ఆమె డిశ్చార్జి కాగితం చూశాను. "సాధారణ ప్రసవం, తల్లీబిడ్డ క్షేమం" అని ఉంది. చీలిక మాటే లేదు. తొలిచూలు, నాలుగు కిలోలు దాటిన బిడ్డ, ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి లాగే పటకారు లాంటి పరికరం) వేసి తీసిన కాన్పు. ఇన్ని కారణాలు ఒక్కచోట కలిసినప్పుడు కండరం తెగిందేమోనని వెతికి చూడాల్సింది. ఎవరూ చూడలేదు.

ఈ ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అక్కడ మొదటిసారి యోని ద్వారా ప్రసవించినవారిలో 6.1 శాతం మందికి ఇలాంటి తీవ్ర గాయమైంది. అంతకుముందు అలా ప్రసవించి ఉన్నవారిలో అది 1.7 శాతమే. ఆసియా సంతతి స్త్రీలకు ముప్పు ఎక్కువని కూడా ఆ పత్రం చెబుతుంది. పరికరం వేసి తీసిన కాన్పుల్లో, అందులోనూ వాక్యూమ్ (బిడ్డ తలకు గిన్నెలాంటిది అతికించి లాగే పరికరం) కంటే ఫోర్సెప్స్‌తో, ప్రమాదం పెరుగుతుంది. బిడ్డ ముఖం తల్లి పొట్టవైపు తిరిగి ఉండటం, తల వచ్చాక భుజాలు ఇరుక్కోవడం, ముక్కే దశ గంటల తరబడి సాగడం కూడా కారణాలే.

ఇక మా చేతుల్లో ఉన్నవి. పెరినియం దగ్గర ముందే కోత పెడితే చీలిక రాదని నమ్మి తొలి కాన్పులన్నిటికీ కోత పెట్టిన రోజులు నాకు తెలుసు. నిటారుగా కిందికి పెట్టిన కోత మలద్వారం వైపే దారి తీస్తుంది. అవసరమై పెట్టినా, మధ్యగీత నుంచి పక్కకు దాదాపు 60 డిగ్రీల కోణంలో పెట్టాలి. అందరికీ అలవాటుగా కోత పెట్టవద్దని, బిడ్డను బయటికి నెట్టడానికి తల్లి పొట్ట పైభాగాన నొక్కవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. నేనూ అలా నొక్కినదాన్నే. పెద్దలు నొక్కమన్నారు, నొక్కాను. ఆ తల్లులకు తర్వాత ఏమైందో నాకు తెలియదు, ఆ బాధ నన్ను వదలదు.

తల బయటపడే వేళ గోరువెచ్చని తడిగుడ్డ పెరినియంపై అదిమి ఉంచితే తీవ్రమైన చీలికలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. అరచేతితో ఆసరా ఇస్తూ, "ఇక ముక్కవద్దమ్మా, చిన్నచిన్నగా ఊపిరి వదులు" అని తలను మెల్లగా రానివ్వాలి. వీటికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఎంత జాగ్రత్తపడినా కొందరికి చీలుతుంది, ఏ కారణమూ లేనివారికి కూడా. అందుకే ప్రతి కాన్పు తర్వాతా తల్లి అనుమతితో, కుట్లు వేయకముందే, గ్లవ్ వేసుకున్న వేలితో మలద్వారాన్ని పరీక్షించాలి. అది నిమిషం పని. కండరం తెగినట్టు అప్పుడే తెలిస్తే ఆపరేషన్ గదిలో, మంచి వెలుతురులో, మత్తు ఇచ్చి, శిక్షణ ఉన్న వైద్యులు కుడతారు. యాంటీబయాటిక్స్, విరేచనం మెత్తబడే మందులు, కటి కండరాల వ్యాయామం తోడైతే ఏడాది తిరిగేసరికి 60 నుంచి 80 శాతం మందికి ఏ ఇబ్బందీ మిగలదని పై మార్గదర్శకాలే చెబుతున్నాయి. అప్పుడు కనిపెట్టకపోతే తర్వాత సరిచేయడం చాలా కష్టం.

ఇవన్నీ ముందే చెబితే ఆడవాళ్లు భయపడి సిజేరియన్ కోరుకుంటారని కొందరు డాక్టర్లు అంటారు. సిజేరియన్ వల్ల వచ్చే కష్టాలూ చెప్పండి, రెండూ విని ఆమె నిర్ణయించుకుంటుంది. భయపడుతుందని దాచిపెట్టే హక్కు మనకెవరిచ్చారు?

ఆరోగ్య శాఖల అధికారులను నేను కోరేది ఒక్కటే. డిశ్చార్జి కాగితంలో మూడు గడులు చేర్చండి: చీలిక ఏ డిగ్రీ, మలద్వార పరీక్ష చేశారా లేదా, గాలి గానీ మలం గానీ ఆగకపోతే ఎవరి దగ్గరికి రావాలి. మళ్లీ గర్భం దాల్చినప్పుడు కాన్పు ఎలా జరగాలో తేల్చడానికి కూడా డాక్టరుకు ఆ మొదటి గడి కావాలి.

– ఒక విశ్రాంత నర్సు