నిద్ర గురించి కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 18న ప్రపంచ మెనోపాజ్ దినం సందర్భంగా పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఎముకల బలం గురించీ, ఒంట్లోంచి ఎగసే వేడి ఆవిర్ల గురించీ ఎంతో కొంత ఉంటుంది. నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి ముందు కొన్నేళ్ళపాటు సాగే పెరిమెనోపాజ్ దశలో ఎందరో స్త్రీలను కుంగదీస్తున్న నిద్రలేమికి మాత్రం ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకడం లేదు. ఆ దశలో ఉన్న ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినిగా ఈ లేఖ రాస్తున్నాను.

మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే నెలసరి ఆగిపోతుంది కాబట్టి, ఈ మార్పులు చాలామందికి నలభై దాటీ దాటగానే మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే పిల్లల ఇంటర్ చదువులు, అత్తమామల అనారోగ్యాలు, ఉద్యోగంలో పెరిగిన బాధ్యతలు కూడా మీదపడి ఉంటాయి. అందువల్ల నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటే ఇంట్లోవాళ్ళే కాక, కొందరు వైద్యులు సైతం ‘టెన్షన్లు తగ్గించుకోండమ్మా’ అని పంపేస్తున్నారు. బాధ్యతల బరువు నిద్రను చెడగొట్టదని నేను అనడం లేదు. కానీ ఆ ఒక్క మాటతో ఒంట్లో జరుగుతున్నదంతా మరుగున పడిపోతోంది.

పడుకోగానే నిద్ర రాకపోవడం చాలామందిలో అసలు ఇబ్బంది కాదు. పదింటికి నడుం వాలిస్తే కన్ను మూతపడుతుంది, రెండున్నర మూడింటికి గుండె దడతో మెలకువ వస్తుంది. వీపు మీదుగా వేడి సెగ మెడకూ ముఖానికీ పాకి జాకెట్టు తడిసిపోతుంది. లేచి ఫ్యాను వేగం పెంచేలోపే ఆ చెమట ఆరుతూ చలి పుడుతుంది. పక్కన పడుకున్న ఆయన దుప్పటి నిండా కప్పుకుంటూ ఫ్యాను తగ్గించమంటారు. బట్టలు మార్చుకుని వచ్చేసరికి నిద్ర పూర్తిగా తేలిపోయి, కుళాయి నీళ్ళు వచ్చే వేళ దాకా కళ్ళు తెరుచుకునే ఉండాల్సి వస్తుంది. మర్నాడు తరగతి గదిలో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం మధ్యలోనే తగిన మాట తట్టక ఆగిపోతే, పిల్లల ముందు కలిగే బెంగ ఆ రాత్రి మళ్ళీ నిద్రకు అడ్డం వస్తుంది.

దీనికి శరీరంలో స్పష్టమైన కారణాలున్నాయి. ఈ వయసులో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ క్రమంగా తగ్గదు, పెరుగుతూ తరుగుతూ ఒడుదుడుకులకు లోనవుతుంది. ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ అనే మెదడు భాగం ఆ ప్రభావంతో కొద్దిపాటి వేడిని కూడా ఓర్చుకోలేక చెమట పట్టిస్తుంది. మరోవైపు ప్రొజెస్టెరాన్ అనే మరో స్త్రీ హార్మోన్ నుంచి తయారై మెదడును శాంతపరిచే అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం కూడా తగ్గుతుంది. వీటికి థైరాయిడ్ లోపం, రక్తహీనత, ఈ వయసులో స్త్రీలలో పెరిగే గురక, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి తోడుకావచ్చు కాబట్టి వాటికి పరీక్షలు చేయించుకోవడం అవసరం.

తెలుగు రాష్ట్రాలకు ఇది మరింత ముఖ్యమైన విషయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతానికి పైగా ఉన్నారు. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీసేస్తే, ఏళ్ళ మీద జరగవలసిన మార్పు కొద్దిరోజుల్లోనే వచ్చిపడుతుంది. వాటిని ఉంచినా, కొందరిలో అవి త్వరగా మందగిస్తాయి. ముప్ఫై అయిదేళ్ళకే ఆపరేషన్ చేయించుకున్న కూలి మనిషి రాత్రిళ్ళు మేలుకుని ఉంటే, దానికీ ఆ ఆపరేషన్‌కూ సంబంధం ఉండవచ్చని ఆమెకు ఎవరూ చెప్పడం లేదు.

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది నిద్రమాత్రల వాడకం. మందుల నిబంధనల్లో 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం అల్ప్రాజోలం వంటి మందులను వైద్యుడి చీటీ మీదే అమ్మి, విడిగా రిజిస్టరులో నమోదు చేయాలి. అయినా ఎప్పటిదో పాత చీటీ చూపిస్తే, కొన్నిచోట్ల అదీ అడక్కుండానే, మెడికల్ షాపులో మాత్రలు చేతికొస్తున్నాయి. తెలంగాణలో కల్లును కల్తీ చేయడానికి వాడుతున్నదీ ఈ అల్ప్రాజోలమే. ఆ కల్లు దొరకని రోజుల్లో తాగేవారు మతి తప్పినట్టు ప్రవర్తించి ఆసుపత్రుల పాలైన వార్తలు మీ పాఠకులకు గుర్తుండే ఉంటాయి. మాత్ర రూపంలో తీసుకున్నా అలవాటు పడే గుణం అదే. ఇప్పటికే రోజూ వాడుతున్నవారు ఈ లేఖ చదివి ఒక్కసారిగా మానేయవద్దని, వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలని మనవి.

మాత్రలకంటే ముందు ప్రయత్నించవలసిన చికిత్స ఉంది. దీర్ఘకాలిక నిద్రలేమికి, నిద్రకు సంబంధించిన ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే సీబీటీ-ఐ అనే పద్ధతినే మొదటి చికిత్సగా అందించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవడం, మంచాన్ని నిద్రకే పరిమితం చేయడం, ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టడం లేదనిపిస్తే లేచి మసక వెలుతురులో కూర్చుని నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి పడుకోవడం, మొదట్లో మంచం మీద గడిపే సమయాన్ని కుదించి తర్వాత పెంచుకుంటూ పోవడం ఇందులో ముఖ్యమైనవి. సమయాన్ని కుదించడం మాత్రం తెలిసినవారి సలహాతోనే చేయాలి. మొదటి వారాల్లో పగలు మరింత అలసట ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఉదయం వంటలో ఒక చేయి వేయకపోతే ఏ స్త్రీ అయినా దీన్ని మధ్యలోనే వదిలేస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీలు మానడం నాకు మేలు చేసింది కానీ, అదొక్కటే సరిపోలేదు.

వేడి ఆవిర్లు తీవ్రంగా ఉన్నవారికి హార్మోన్ చికిత్స కూడా ఒక మార్గం. 2002లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం తర్వాత దానిపై భయం వ్యాపించింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63 ఏళ్ళు. అరవై ఏళ్ళలోపు, ఇతర అడ్డంకులు లేని స్త్రీలకు దానివల్ల నష్టంకంటే మేలే ఎక్కువని నిపుణుల సంఘాలు ఇప్పుడు చెబుతున్నాయి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారికి సాధారణంగా ఇది ఇవ్వరు కాబట్టి గైనకాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరేది ఇది. ముప్ఫై దాటిన స్త్రీలకు బీపీ, షుగరు పరీక్షించేటప్పుడు ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు నిద్ర గురించి, ఒంటి ఆవిర్ల గురించి, గర్భసంచి ఆపరేషన్ గురించి కూడా అడగాలి. తెలంగాణలో 2023 మార్చి 8న స్త్రీల ఆరోగ్యం కోసం ప్రభుత్వం ప్రారంభించిన ఆరోగ్య మహిళ సేవల్లో మెనోపాజ్ సమస్యలను చేర్చారు గనుక, అక్కడ నిద్రలేమికి కూడా సలహా అందాలి. సీబీటీ-ఐ తెలిసిన నిపుణులు పల్లెల్లో దొరకరన్న మాట నిజమే. అయితే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వేడి ఆవిర్లతోపాటు నిద్రలేమి ఉన్న స్త్రీలకు దీన్ని ఫోన్ ద్వారానే ఆరు విడతలుగా నేర్పగా నిద్ర మెరుగుపడిందని 2016లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే, 14416 నంబరుతో పనిచేస్తున్న ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఇప్పటికే తెలుగులో అందుబాటులో ఉంది. అందులోని కౌన్సెలర్లకు ఈ పద్ధతిలో శిక్షణ ఇస్తే, ఆసుపత్రికి వెళ్ళడానికి ఒక పూట కూలి వదులుకోలేని మనిషి కూడా ఇంటి నుంచే నేర్చుకోగలదు.

భవదీయురాలు,
పేరు ప్రచురించవద్దని కోరుతున్న ఒక ఉపాధ్యాయిని,
ఖమ్మం జిల్లా