లాన్ తీసి మడి చేసిన పనిలో లోపంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కూరగాయల మడి పని మళ్లీ చేయించడం లేదా డబ్బు వాపసు గురించి.

అయ్యా,

సైనిక్‌పురిలోని మా ఇంటి లాన్‌లో 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు మేర గడ్డి తీసి కూరగాయల మడి చేసిపెట్టమని గత మే నెలలో మీకు పని అప్పగించి, 14,500 రూపాయలు ముందే కట్టాను. కొటేషన్‌లో మీరు రాసిన మొదటి పని 'గడ్డిని వేర్లతో సహా తొలగించడం'. అదే జరగలేదు.

మీ మనుషులు గడ్డి మీదే పవర్ వీడర్ (మట్టి గుల్ల చేసి కలుపు కోసే యంత్రం) తిప్పి, వేర్లు ఏరకుండానే పైన ఎర్రమట్టి, పశువుల ఎరువు పరిచి, నీళ్లు పెట్టి వెళ్లిపోయారు. అడిగితే "లోపలే కుళ్లి ఎరువైపోతుంది సార్" అన్నారు మీ సూపర్‌వైజర్. మాది బెర్ముడా గ్రాస్, గరిక జాతి. దాని కాడకు కణుపు కణుపుకూ మొలక వస్తుంది. ముక్కలు చేసి మట్టి కప్పి నీళ్లు పెట్టడమంటే నారు పోసినట్టే. నేలలో గడ్డలతో పెరిగే తుంగ కూడా ఉందని సైట్ చూడ్డానికి వచ్చినప్పుడే చూపించాను. కనీసం మట్టి తిరగేసి, వేర్లూ గడ్డలూ పైకి తేల్చి మే ఎండకు వదిలేసినా చాలావరకు చచ్చేవి. వేసవి దుక్కులు దున్నే ప్రతి రైతుకూ తెలిసిన సంగతి ఇది.

వానలు పడ్డాక బెండ, గోంగూర, తోటకూర వేశాం. ఇప్పుడు మడిలో కూర కంటే గడ్డే ఎక్కువ. నిన్న ఒక బెండ మొక్క మొదట్లో తవ్వి చూస్తే, వేళ్ల మధ్య నుంచి తెల్లటి గరిక కాడ దూసుకుపోయి ఉంది. పక్కనే శనగగింజంత తుంగ గడ్డ, దానికి రెండు మొలకలు. గరిక లాగితే బెండ మొక్కా ఊడి వచ్చింది. మా అమ్మ రోజూ పొద్దున్నే కూర్చుని పీకుతోంది. ఆవిడ మోకాళ్ల నొప్పులతో ఆ పని చేస్తుంటే చూడలేకపోతున్నాను. మీరు వేసిన ఎరువు కూడా పూర్తిగా మాగలేదు, అందులో వేరుపురుగులు కనిపించాయి.

ఫోన్ చేస్తే మీ ఆఫీసువారు "గ్లైఫోసేట్ కొట్టుకోండి" అన్నారు. అది కలుపు మందు; కూరమొక్కల మధ్య కొడితే అవీ చస్తాయి. పైగా 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలి. తోటపని చేసే సంస్థ ఇలాంటి సలహా ఇవ్వడం చాలా తప్పు.

15 రోజుల్లోగా మనుషుల్ని పంపి, మడిని పారలోతు తవ్వించి, వేర్లు, తుంగ గడ్డలు చేత్తో ఏరించండి. అంచు ఇటుకలు నేలమీద పేర్చి వదిలేశారు. మిగిలిన లాన్ నుంచి గరిక మళ్లీ పాకకుండా వాటిని నిలువుగా పాతించండి. మాగిన ఎరువు వేయండి. కుదరకపోతే మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి.

ఈలోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. కొటేషన్, రసీదు కాపీలు, ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
సైనిక్‌పురి, సికింద్రాబాద్