పట్టణ ఈతకొలనులకు సాదా దీర్ఘచతురస్రమే మేలు: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. పట్టణాల్లో ఈతకొలను కట్టాలనుకున్నప్పుడు ముందుకు వచ్చే రంగుల నమూనాల్లో జీడిపప్పులా వంగిన కొలను, మధ్యలో దీవి, దానిమీద వంతెన చూడముచ్చటగా ఉంటాయి. కాంక్రీటు పనుల్లో ఉన్న సివిల్ ఇంజనీరుగా, ప్రజల సొమ్ముతో కట్టే కొలనుకు ఆ వంపులు తగవనీ, 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రమే గిట్టుబాటనీ విన్నవించుకుంటున్నాను.

గోడ తిన్నగా ఉంటే కాంక్రీటు పోయడానికి అచ్చుగా బిగించే సెంట్రింగ్ షీట్లను ఒకచోట విప్పి మరోచోట బిగించుకోవచ్చు, కడ్డీలను ఒకే కొలతకు కోసుకోవచ్చు. వంపు కోసం తయారుచేసిన సెంట్రింగ్ సాధారణంగా మరోచోటికి పనికిరాదు. పెద్ద టైల్స్ వేస్తే వంపు వెంట ఒక్కొక్కదాన్నీ కోసి అతికించాలి. సందులు వెడల్పై, వాటిలో నింపే గ్రౌట్ పూత ఊడిన చోట పాచి పడుతుంది, కోసిన అంచు పిల్లల పాదాలకు గీసుకుంటుంది. లోపలికి వంగిన మూలల్లో నీరు సరిగా కదలక క్లోరిన్ కూడా సమంగా అందదు. అదే వైశాల్యానికి గుండ్రని కొలనుకైతే గోడ అన్నిటికన్నా తక్కువ పడుతుందన్న మాట లెక్క ప్రకారం నిజమే కానీ, అందులో తిన్నని వరుసలు వేసి ఈత నేర్పలేం. 12.5 మీటర్ల వెడల్పులో రెండున్నర మీటర్ల వరుసలు ఐదు వస్తాయి.

ఆకారమంటే పైనుంచి కనిపించే గీత ఒక్కటే కాదు, అడుగు వాలు కూడా. అసలు ఖర్చు దాగి ఉండేది అక్కడే. లోతు ఒక చివర 0.9, మరో చివర 1.5 మీటర్లు ఉంచితే సగటున 1.2 మీటర్లతో 3.75 లక్షల లీటర్ల నీరు సరిపోతుంది. సగటు లోతు 1.8 మీటర్లకు పెంచితే అది 5.62 లక్షల లీటర్లు దాటుతుంది. ఆరు గంటలకొకసారి నీరంతా ఫిల్టరు గుండా తిరగాలంటే మొదటిదానికి గంటకు 62,500 లీటర్లు తోడే పంపు చాలు, రెండోదానికి 93,750 లీటర్లది కావాలి. ఆ కరెంటు బిల్లు కొలను ఉన్నన్నాళ్లూ పురపాలక సంఘమే కట్టాలి. పైగా భూగర్భజలం పైకే ఉండే కృష్ణా, గోదావరి డెల్టా పట్టణాల్లో లోతుగా తవ్వితే నీరు తోడుతూనే పని సాగించాలి. తగిన ఏర్పాటు లేకుండా మరమ్మతుకు కొలను ఖాళీ చేస్తే, కింది భూగర్భజలం ఒత్తిడికి కట్టడమే పైకి లేచే ప్రమాదం ఉంది.

కాలువలు, చెరువుల పక్కన పెరిగే మన పిల్లలకు కావలసింది నిలబడి నేర్చుకోగల లోతు. బడి ఈడు పిల్లలకు ఈత, నీటి భద్రత నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తోంది. వంపుల మీద మిగిల్చిన సొమ్ముతో శిక్షకులను, గజ ఈతగాళ్లను నియమించవచ్చు.

కాబట్టి టెండర్లు పిలవకముందే ఈ కొలతలతో ఒక ప్రామాణిక డ్రాయింగు విడుదల చేయించాలనీ, టైల్స్ అంటించాక కూడా నిడివి 25 మీటర్లకు తగ్గకూడదని అందులో స్పష్టంగా రాయించాలనీ, నమూనాలను పోల్చేటప్పుడు నిర్మాణ వ్యయంతో పాటు పదేళ్ల నిర్వహణ వ్యయాన్నీ లెక్కలోకి తీసుకునేలా ఆదేశించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సివిల్ ఇంజనీరు