చలికాలం కడుపు బాధలు, పార్కు తాళం

సంపాదకులకు నమస్కారం. మాది ఆదిలాబాద్ వైపు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రిళ్లు 10 డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది, పొద్దున ఎనిమిదైనా దుప్పటి వదలబుద్ధి కాదు, దాహం వేయదు కాబట్టి నీళ్లూ తాగం, దానికి తోడు సాయంత్రాలు మిర్చి బజ్జీలు, సంక్రాంతికి సకినాలు. ఇక కడుపుబ్బరం, మలబద్ధకం రాకుండా ఎలా ఉంటాయి?

మా ఇంట్లో అమ్మ ఇప్పటికీ వాము డబ్బానే తీస్తుంది. అర చెంచా వాము పెనం మీద వాసన వచ్చేదాకా వేయించి, అరచేతిలో నలిపి, చిటికెడు ఉప్పు కలిపి నోట్లో వేసి, వెనకే గోరువెచ్చని నీళ్లు తాగిస్తుంది. ఆ ఘాటు వాములో ఉండే థైమాల్ అనే పదార్థానిది. వికారంగా ఉంటే మాత్రం అల్లమే మంచిది. కానీ ఛాతీలో నొప్పి, చెమటలు వస్తుంటే గ్యాసే కదా అని వాము నములుతూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. మలంలో రక్తం కనిపించినా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఇంకో మాట. నడిస్తే పేగులు కూడా కదులుతాయి. మా నాన్న మంచులో బయటికి వస్తే ఆయాసం, అందుకే ఎండ పడ్డాక శాలువా కప్పుకుని పార్కుకి వెళ్తే తొమ్మిదికే గేటుకి తాళం! కర్ర పట్టుకుని అంతదూరం వచ్చిన మనిషి వెనక్కి తిరిగి వెళ్తుంటే చాలా బాధేసింది. చలి తగ్గేదాకా పార్కులు పదకొండు వరకైనా తెరిచి ఉంచమని మున్సిపల్ అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్ జిల్లా