రెండో బిడ్డ గురించి కూడా అడగండి

సంపాదకుడి గారికి,

నమస్కారం. ఇంట్లో ఒక బిడ్డకి వైకల్యం ఉంటే డాక్టరు దగ్గర నుంచి పక్కింటివాళ్ల దాకా అందరి ధ్యాసా ఆ బిడ్డ మీదే ఉంటుంది. ఉండాలి కూడా. కానీ ఆ పక్కనే ఇంకో బిడ్డ పెరుగుతుంటుంది. చురుకైన పిల్ల, తన పనులు తనే చేసుకునే పిల్ల అయితే ఇక ఆమె గురించి ఎవరూ అడగరు. "దానికేం, బంగారం" అనేసి ఊరుకుంటారు.

మా బాబుకి ఎనిమిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టుతప్పే వైకల్యం. పాపకి అయిదేళ్లు. నేను పాతపట్నం నుంచి పర్లాకిమిడికి కోడలిగా వచ్చాను. ఒడియా అర్థమవుతుంది కానీ గబగబా మాట్లాడలేను. పాపకి వీధిలో ఆడి ఆడి వచ్చేసింది. ఆసుపత్రిలో ఏదైనా అడిగితే నా కొంగు పట్టుకుని తనే జవాబు చెబుతుంది. అన్నయ్యకి ఫిట్స్ ఎప్పుడొచ్చాయో, ఏ మందు వేస్తున్నామో అన్నీ చెబుతుంది. చూసినవాళ్లు ముచ్చటపడతారు. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంటుంది. అది అయిదేళ్ల పిల్ల మోయాల్సిన టెన్షనేనా?

మొన్న చెవినొప్పి వస్తే నాకు చెప్పలేదు. అంగన్‌వాడీ దీదీకి చెప్పింది. అమ్మకి చెప్పలేదేమని దీదీ అడిగితే, "అమ్మ అన్నయ్యకి ఎక్సర్‌సైజులు చేయిస్తోంది" అందట. తెలివైన పిల్లలు ఇలాగే సర్దుకుపోతారు. అందుకే వాళ్ల సంగతి బయటికి తెలియదు.

దీనికి తోడు చుట్టాలు వచ్చి పిల్ల ఎదురుగానే "మీ అమ్మానాన్నల తరవాత వాడికి దిక్కు నువ్వేనమ్మా" అంటారు. దయచేసి ఆ మాట అనకండి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ, పద్దెనిమిదేళ్లు నిండిన ఇలాంటి పిల్లలకి సంరక్షకుణ్ణి నియమించగలదు. రేపటి సంగతి పెద్దవాళ్లం ఆ దారిలో చూసుకుంటాం. పాప పెద్దయ్యాక తనంతట తను అన్నయ్యని చూసుకుంటానంటే సంతోషం. ఇప్పుడు దానికి ఆడుకునే వయసు.

మా ఇంట్లో సాయంత్రం కాసేపు వాళ్ల నాన్న బాబుని చూసుకుంటారు. ఆ కాసేపూ నేను పాపదాన్ని. నౌపడా నుంచి వచ్చే రైలు గునుపూర్ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది, చీమలకి దారి ఎవరు చెబుతారు, ఇలా ఒకటే ప్రశ్నలు. అన్నయ్య ఊసు ఒక్కసారి కూడా రాదు. కానీ గంజాం, గజపతి జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో తండ్రి సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటాడు. అక్కడ ఒంటరి తల్లికి ఆ కాసేపు ఎక్కడి నుంచి వస్తుంది? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి రాసి ఉంది. అది అర్హులైన ప్రతి ఇంటికీ చేరితే ఆ తల్లి కాసేపు మనిషిని పెట్టుకోగలదు.

2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీలు, అంటే పిల్లల్లో లోపాలని తొందరగా గుర్తించి థెరపీ ఇచ్చే కేంద్రాలు, పెట్టారు. థెరపీ కోసం వచ్చే తల్లి వెంట రెండో బిడ్డ కూడా వస్తుంది, ఇంట్లో వదిలి రాలేదు కనుక. ఆ బిడ్డ అంతసేపూ బెంచీ మీద కూర్చుంటుంది. ఒక మూల చాప పరిచి నాలుగు బొమ్మలు, కొన్ని బొమ్మల పుస్తకాలు పెట్టమని అడుగుతున్నాను. సరిహద్దు జిల్లాల కేంద్రాల్లో తెలుగు వచ్చిన మనిషి ఒకరు ఉండాలి, పసిపిల్లలు దుబాసీలు కాకూడదు. ఈ కేంద్రాల్లో సైకాలజిస్టు పోస్టు ఉంది. భర్తీ అయిన చోట ఆ సైకాలజిస్టు, ఇంటికి వచ్చే అంగన్‌వాడీ దీదీ, "రెండో పాప ఎలా ఉంది? తింటోందా, నిద్రపోతోందా, ఎవరితో ఆడుకుంటోంది?" అని అడిగి రాసుకోవాలి.

వీటిలో చాలావాటికి కొత్త పథకం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. బరంపురం, రాయగడ, కోరాపుట్ వైపు తెలుగు తల్లులు కూడా తమ జిల్లా అధికారులకి ఇదే రాయాలని కోరుతున్నాను.

— ఒక తల్లి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా