కూరగాయల తోట విభాగం: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళ తోట విభాగం 2024లో చేసిన పనుల వివరాలు ఇవి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. ఈ ఏడాది మన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది డాలస్‌కి ఉత్తరాన ప్రాస్పర్, సెలీనా ఊళ్ళ వైపు కొత్త ఇళ్ళలో దిగినవాళ్ళు. అపార్ట్‌మెంట్ వదిలి మొదటిసారి పెరడున్న ఇంటికి మారినవాళ్ళు కొందరు. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో చక్కగా పండించి, ఉద్యోగం మారి ఇక్కడికొచ్చి దెబ్బతిన్నవాళ్ళు ఇంకొందరు. అందుకే సమావేశాలు, పిక్నిక్‌ల సంగతి పక్కనపెట్టి కొత్తవాళ్ళ తోటల గురించే ఎక్కువ రాస్తున్నాను. పిక్నిక్ బాగా జరిగింది, పులిహోర మిగల్లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

విత్తనాలు కాదు, నెలలు

ఇల్లు కొన్న సభ్యులు మొట్టమొదట అడిగేది విత్తనాలు. "అన్నా, నాటు బీర గింజలున్నాయా?", "అక్కా, ఎర్రకాడ గోంగూర ఎవరి దగ్గరుంది?" అన్నీ ఉన్నాయి. ఉగాది సభలో పంచాం, మిగిలినవి వేసవిలో పంచాం. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో గింజలకు కరువు లేదు. వాటిని ఎప్పుడు వేయాలన్న దగ్గరే అందరం తడబడుతున్నాం.

మనకు చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన లెక్క ఒకటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు, మృగశిరకి తొలకరి, ఏరువాక పున్నమికి అరక. జూన్‌లో నాలుగు చినుకులు పడితే చెయ్యి గింజల డబ్బా మీదికి పోతుంది. ఇక్కడ వానలు బాగా పడేది ఏప్రిల్, మే నెలల్లో. జూన్ దాటాక వాన మొహం చాటేస్తుంది, జులై, ఆగస్టుల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజులు వరసకడతాయి. మృగశిర చూసుకుని నాటిన టమాటా మొక్క ఏపుగానే పెరుగుతుంది, పూత కూడా వస్తుంది, కాయ మాత్రం నిలవదు. రాత్రి వేడి 75 డిగ్రీల కిందికి దిగకపోతే టమాటా పూత రాలిపోతుంది. అదే మొక్కని మార్చి రెండో సగంలో, చివరి మంచు భయం తగ్గాక నాటితే మే, జూన్‌లలో బుట్టలకొద్దీ కాస్తుంది. జులై ఎండకి నిలబడేవి బెండ, వంగ, గోంగూర, బొబ్బర్లు. కొత్తిమీర, మెంతికూర, పాలకూరలకి సెప్టెంబర్ చివరి నుంచి మంచి రోజులు. మే నెలలో వేసిన కొత్తిమీర నాలుగు ఆకులు వేసీ వేయకముందే పూతకి వచ్చేస్తుంది. ఆ ఫోటోలు గ్రూపులో చాలా చూశాం.

చిక్కుడు కథ వేరు. ఊరి నుంచి తెచ్చిన పందిరి చిక్కుడు వేసవంతా తీగ సాగుతుంది, పందిరి నిండిపోతుంది, ఒక్క పువ్వు రాదు. ఎరువు తక్కువైందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు. అసలు సంగతి పగటి పొడవు. ఆ చిక్కుడు పగలు కురచైతేనే పూస్తుంది. విజయవాడలో జూన్ పగలు 13 గంటల చిల్లరే, మనకిక్కడ 14 గంటలు దాటుతుంది. సెప్టెంబర్ చివర్లో పగలు తగ్గి, అక్టోబర్‌లో పూత మొదలై, కాయ ముదిరే సరికి నవంబర్ నడిమి మంచు వచ్చి మొత్తం కాల్చేస్తుంది. పొట్టి రకం చెట్టు చిక్కుడు వేసుకున్నవాళ్ళకి ఈ బాధ లేదు. గోంగూర కూడా పగలు తగ్గాకే పూస్తుంది, కానీ మనకి కావలసింది ఆకే కాబట్టి ఆ గుణం మనకి కలిసొచ్చింది.

నేల

ఏప్రిల్, మే నెలల్లో విజిటర్ వీసా మీద వచ్చి దసరా దాకా ఉండే అమ్మానాన్నలే మన తోటల్లో అసలు రైతులని అందరికీ తెలుసు. మెకిన్నీలో ఒక సభ్యుడి నాన్నగారు, పల్నాడు మనిషి, వచ్చిన వారంలోనే పెరట్లో ఒక మూల గడ్డి చెక్కి, మట్టి పెళ్ళ తీసి, నీళ్ళు చిలకరించి చేతిలో నలిపారు. రెండు వేళ్ళ మధ్య రిబ్బన్‌లా సాగదీసి చూసి, "ఒరేయ్, ఇది మన రేగడేరా! ఇక్కడ పత్తి వేసేవాళ్ళా?" అన్నారు. కంచె అవతల గులాబీలు కత్తిరిస్తున్న పక్కింటి పెద్దాయన ఏమిటన్నట్టు చూశాడు. కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పెద్దాయన కత్తెర పక్కనపెట్టి, తన తాతగారు ఈ చుట్టుపక్కలే పత్తి వేసేవారని, చిన్నప్పుడు తనూ పత్తి తీశానని చెప్పుకొచ్చాడు. ఆ సాయంత్రం మన నాన్నగారు తెలుగులో, ఆయన టెక్సాస్ యాసలో చాలాసేపు మాట్లాడుకున్నారట. మర్నాడు ఆయనే గార్డెన్ ఫోర్క్ తెచ్చిచ్చి, తడి నేలని ముట్టుకోవద్దని, ఇసుక మాత్రం కలపొద్దని మరీమరీ చెప్పి వెళ్ళాడు.

ఆ నాన్నగారి చెయ్యి చెప్పింది నిజమే. ఈ నల్లమట్టి పేరు హ్యూస్టన్ బ్లాక్, టెక్సాస్ రాష్ట్ర మట్టిగా గుర్తింపు పొందింది కూడా. మన నల్లరేగడిని, దీన్ని శాస్త్రజ్ఞులు వర్టిసాల్ అనే ఒకే తరగతిలో పెడతారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. వేసవిలో ఇంటి పునాది చుట్టూ నీళ్ళ గొట్టం పరచమని బిల్డర్ చెప్పేది దీని గురించే. బంకమట్టిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందని అనుకుంటాం, చివరికి ఇటుకలా బిగుసుకుంటుంది. కొత్త ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది: కట్టేటప్పుడు పైమట్టి గీకేసి, అడుగు మట్టి మీదే పచ్చిక పరుస్తారు. అందుకని మొదటి ఏడాది చెక్కలతో ఎత్తు మడి కట్టుకుని, కంపోస్టు బాగా వేసుకోవడమే తేలిక.

ఈ ఏడాది సభ్యుల మట్టి నమూనాలు పోగుచేసి కాలేజ్ స్టేషన్‌లోని టెక్సాస్ ఏ అండ్ ఎం ప్రయోగశాలకి పంపాం. ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే, అది ఈ సున్నపు నేలలో ఇనుము అందకపోవడం వల్ల. నీళ్ళు తక్కువై కాదు. అలాంటి మొక్కకి ఇంకా ఇంకా నీళ్ళు పోసి చంపేయడం మన కొత్త సభ్యులకి బాగా అలవాటు.

పందిరి, కంచె, హెచ్‌ఓఏ

పందిరి వేసినందుకు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరాలు అందుకున్న ఇళ్ళు ఈ ఏడాదీ ఉన్నాయి. కంచె పైకి తల ఎత్తిన ప్రతి కర్రా రోడ్డు మీంచి ఫోటోకి దొరుకుతుంది. ఒక కాలనీలో బీర పందిరిని అనుమతి లేని కట్టడం అని రాశారు, మన సభ్యురాలికి రెండు వారాలు ఒకటే టెన్షన్. ఆవిడ చివరికి పందిరిని కంచె ఎత్తుకి తగ్గించి, కొలతలతో కాగితం మీద బొమ్మ గీసి కమిటీకి దరఖాస్తు పెట్టారు. ఒప్పుకున్నారు. ముందే పెడితే ఈ గొడవే ఉండేది కాదని అందరికీ మనవి. కంపోస్టు డబ్బా, వాననీటి పీపా, డ్రిప్ పైపుల విషయంలో మాత్రం భయపడక్కర్లేదు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 202.007 సెక్షన్ ప్రకారం వీటిని హెచ్‌ఓఏ పూర్తిగా వద్దనడానికి లేదు. ఎక్కడ పెట్టాలి, ఎంత సైజు, ఏ రంగు అన్నవి మాత్రం వాళ్ళు అడగొచ్చు.

హెచ్‌ఓఏ కంటే ముందు కలవాల్సింది పక్కింటివాళ్ళని అని నా అభిప్రాయం. పచ్చిక మీద కలుపు మందు కొట్టించుకునే ఇళ్ళు మన చుట్టూ చాలా ఉన్నాయి. టూ ఫోర్ డీ లాంటి మందు గాలికి కాస్త కొట్టుకొచ్చినా టమాటా ఆకు చుట్టలు చుట్టుకుపోతుంది. మందు ఏ రోజు కొట్టిస్తారో అడిగి ఆ రోజు మడి మీద గుడ్డ కప్పుకున్న సభ్యుడి మొక్కలు బాగున్నాయి. ఏమీ అడక్కుండా తెగులనుకుని వేపనూనె కొట్టినాయన మొక్కలు పోయాయి.

ఇచ్చిపుచ్చుకోవడం గురించి ఒక మాట. మనం దొండకాయల సంచి వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చేస్తాం. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక వాళ్ళు మొహమాటంగా నవ్వుతారు. బెండకాయ అయితే ఆ ఇబ్బంది లేదు, ఇక్కడి పాతకాపులు మొక్కజొన్న పిండి పట్టించి వేయించుకుంటారు. బొబ్బర్లూ అంతే. కొత్త సంవత్సరం రోజున బొబ్బర్లు తింటే అదృష్టమని ఇక్కడి నమ్మకం. కంచె దాటి అటు వేలాడిన సొరకాయ ఎవరిది అని కూడా అడిగారు. తేలిక జవాబు: వాళ్ళదే. కోసి, ఎలా వండుకోవాలో చెప్పి ఇవ్వండి.

ఆగస్టు సాయంత్రాలు

బీర, సొర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయని వేసవంతా ఫోన్లు వచ్చాయి. ఈ రెండు పూలూ విచ్చేది సాయంకాలం. పొద్దున్నే తిరిగే తేనెటీగలు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఫ్రిస్కోలో ఒక సభ్యురాలి పెరట్లో అందరికీ చేసి చూపించాం. పొద్దు వాలాక విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, పుప్పొడి కాడని కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా తిప్పాలి. వాళ్ళ అత్తగారు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, "మా ఊళ్ళో ఈ పెళ్ళిళ్ళు మేం చేయలేదమ్మా, అవే చేసుకునేవి" అన్నారు. వారం తిరిగేసరికి పిందెలు నిలిచాయి.

గాలి, చలి, గ్రహణం

జనవరి నడుమ గట్టి చలికి గరాజ్‌లో పెట్టని కరివేపాకు కుండీలు పోయాయి. ఏప్రిల్ 8న, ఉగాది ముందురోజు, మన నెత్తిమీదే సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ రోజు నారు నాటొచ్చా అని అడిగినవాళ్ళకి మర్నాడు నాటమనే చెప్పాం, వాదనలెందుకని. మే 28 ఉదయం వచ్చిన గాలివానకి పందిళ్ళు చాలా పడిపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో ఏ ఇంట్లో ఫ్రీజర్ ఖాళీ ఉందో, ఏ ఇంట్లో జనరేటర్ ఉందో పొరుగువాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు.

కరివేపాకు, విత్తనాల మీద నిబంధనలు

ఇది ప్రతి ఏడాదీ రాస్తున్నాం. కరివేపాకు మొక్క మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలకి సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులు మోసుకెళుతుంది. టెక్సాస్‌లో ఆ తెగులు 2012లో బయటపడింది. అందుకని వేరే రాష్ట్రం నుంచి కరివేపాకు మొక్క కారులో తేవడం గానీ, ఇక్కడి నుంచి పంపడం గానీ చేయొద్దు. ఇండియా నుంచి గింజలు తెచ్చే అమ్మానాన్నలకి కస్టమ్స్ అధికారులకి ఆ సంగతి దాచకుండా చెప్పమని ముందే చెప్పండి. చీర మడతల్లో దాచడం మానిపించండి. మనం ఇక్కడే గింజ కట్టుకుంటున్నాం, ఆ అవసరం నిజంగా లేదు.

2025 పనులు

కొత్తగా చేరిన ప్రతి కుటుంబాన్ని అదే కాలనీలో కనీసం ఐదేళ్ళుగా తోట వేస్తున్న ఒకరితో కలపాలని కమిటీ తీర్మానించింది. ఆ ఒకరు తెలుగువాళ్ళే కానక్కర్లేదు. ఫిబ్రవరి 17 ప్రెసిడెంట్స్ డే, ఇక్కడివాళ్ళు బంగాళాదుంప నాటే రోజు. ఆ వారం మనమూ నాటుదాం. వసంతకాలంలో మైయర్స్ పార్క్‌లో కాలిన్ కౌంటీ మాస్టర్ గార్డెనర్లు (తోటపనిలో శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు) మొక్కల అమ్మకం పెడితే అందరం కలిసి వెళ్దాం. టమాటా, వంగ, మిరప నారు మార్చి 30 ఉగాది రోజున పంచుతాం. దొండ తీగ ముక్కలు కావలసినవారు ఫిబ్రవరి ఆఖరులోగా గ్రూపులో పేరు ఇవ్వాలి. పోయినేడు తీసుకున్న నారు ట్రేలు ఇంకా చాలా ఇళ్ళలోనే ఉన్నాయి, దయచేసి కడిగి తెచ్చివ్వండి.

కార్యదర్శి,
తోట విభాగం