ఒకటికి ఒకటి అన్నారు సరే, మిల్లీలీటర్లా, గ్రాములా?

కస్టమర్ సర్వీస్ మేనేజరు గారికి,

నమస్కారం. బల్లల పైపూత కోసం మీరు అమ్మే, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే మూడు లీటర్ల ఎపాక్సీ రెసిన్ కిట్టు కొని మా ఇంట్లో రాతబల్ల మీద పోశాను. ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇంకా గట్టిపడలేదు. నిన్న దాని మీద పుస్తకం పెట్టి తీస్తే అట్ట మీది రంగు బల్లకి అంటుకుంది. గోరుతో నొక్కితే నెలవంకలా గుంట పడి అలాగే ఉండిపోతోంది. 72 గంటల్లో పూర్తిగా గట్టిపడుతుందని డబ్బా మీద రాసింది మీరే.

ఫోన్ చేస్తే మీవాళ్ళు మొదట "సరిగ్గా కలిపి ఉండరు" అన్నారు. రెండోసారి గదిలో తేమ ఎక్కువై ఉంటుందన్నారు. మూడోసారి ఇంకో వారం ఆగి చూడమన్నారు. అందుకే ఏం చేశానో రాస్తున్నాను.

చెక్కని ముందు 120, తర్వాత 220 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచాను. చెక్కలోని గాలి బుడగలై పైకి రాకుండా బ్రష్షుతో పల్చగా ఒక పూత వేశాను. అది కాస్త బంకగా ఉండగానే అసలు పూత పోయమని మీ సూచనల కాగితంలో ఉంది కాబట్టి, ఆ బంక ఎప్పటికీ వదలని బంక అని అప్పుడు తెలియలేదు. గదిలో 26 డిగ్రీలు. గిన్నె అంచులూ అడుగూ గీకుతూ నాలుగు నిమిషాలు కలిపి, వేరే గిన్నెలోకి వంచి మళ్ళీ కలిపాను. పోశాక హీట్ గన్‌తో బుడగలు తీశాను. ఆ రాత్రి చెక్క చారలు తేట నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించాయి. (ఆ ఒక్క రాత్రి మీ సరుకుని మనసారా మెచ్చుకున్నాను.)

తప్పు ఎక్కడుందో ఆరో రోజున డబ్బా మళ్ళీ చదివితే తట్టింది. "రెసిన్ 1, హార్డెనర్ 1" అని ఉంది (హార్డెనర్ అంటే రెసిన్‌ని గట్టిపరిచే రెండో ద్రవం). మిల్లీలీటర్ల లెక్కనా, గ్రాముల లెక్కనా అన్నది డబ్బా మీదా లేదు, కాగితంలోనూ లేదు. తూకమైతే తేడా రాదనుకుని నేను రెండూ సమానంగా తూచి కలిపాను. మిగిలినదాన్ని ఒకే కప్పులో 100 మిల్లీలీటర్ల గీత దాకా విడివిడిగా పోసి తూస్తే రెసిన్ 114 గ్రాములు, హార్డెనర్ 96 గ్రాములు తూగాయి. అంటే గీతల లెక్క ప్రకారం 100 గ్రాముల రెసిన్‌కి 84 గ్రాముల హార్డెనర్ చాలు. నేను 100 పోశాను. హార్డెనర్ ఎక్కువైతే తొందరగా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఎపాక్సీలో అలా కాదు. జత దొరకని హార్డెనర్ లోపలే మిగిలిపోయి పూతని మెత్తగా ఉంచేస్తుంది.

అదే రోజు రెండు చిన్న కప్పులు పక్కపక్కనే పెట్టాను. ఒకటి గీతల లెక్కన కలిపింది, ఇంకొకటి తూకం లెక్కన. మొదటిది మూడో రోజుకే చెంచాతో కొడితే టంగుమంటోంది. రెండోది ఇవాళ్టికీ రబ్బరే. రెండింటి గదీ ఒకటే, కలిపిన చెయ్యీ ఒకటే. తేమే కారణమైతే రెండు కప్పులూ పాడవ్వాలి కదా!

ముందే అడగకపోవడం నా పొరపాటే, కాదనను. కానీ డబ్బా మీద మెరిసే బల్ల బొమ్మకి అరచేతి వెడల్పున చోటిచ్చి, "మిల్లీలీటర్ల లెక్కన, తూకం కాదు" అన్న నాలుగు మాటలకి చోటివ్వకపోవడం మీ పొరపాటు. ఇప్పుడు ఆ పూతని వేడిచేసి గీకాలి, స్పిరిట్‌తో తుడవాలి, చెక్క తేలేదాకా మళ్ళీ రుద్దాలి. బంక పూత మీద ఉప్పు కాగితం రెండు రుద్దులకే పూడుకుపోతుంది కాబట్టి ఈ పనికి రెండు రోజులు పడుతుంది.

నాకు అంతే సైజు కొత్త కిట్టు ఉచితంగా పంపండి. ఇప్పటికే దుకాణాల్లో ఉన్న డబ్బాల మీద కొలత ఏ లెక్కనో చెప్పే స్టిక్కరు అంటించండి. తూకం వేసుకునేవాళ్ళ కోసం గ్రాముల నిష్పత్తి కూడా వెయ్యండి. ఫోన్ తీసేవాళ్ళకి "ఎలా కొలిచారు?" అన్న ప్రశ్న మొదట అడగడం నేర్పండి.

బిల్లు, బ్యాచ్ నంబరు, బల్ల ఫొటోలు జతచేశాను. రెండు కప్పులూ దాచి ఉంచాను, అడిగితే పంపుతాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారు